దూడ, పెయ్య, కూన, పిల్లకాకి: తరచుగా అడిగే ప్రశ్నలు

పశువుల పిల్లలకీ, పనిలో కొత్తగా చేరినవాళ్ళకీ తెలుగులో ఏ మాట ఎక్కడ వాడాలని అడిగేవాళ్ళు ఎక్కువగా మూడు రకాలు: బడిలో పాఠం చెప్పేవాళ్ళు, పత్రికలకు రాసేవాళ్ళు, గేదెనో గిత్తనో అమ్మకానికి పెట్టి ప్రకటన రాసుకునేవాళ్ళు. ఇక్కడి జవాబులు గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల వాడుకను బట్టి రాసినవి. వేరే ప్రాంతంలో మాట మారితే ఆ సంగతి అక్కడే చెప్పాం.

అన్నిటికీ "పిల్ల" అంటే సరిపోదా?

చాలావాటికి సరిపోతుంది. కుక్కపిల్ల, పిల్లిపిల్ల, మేకపిల్ల, గొర్రెపిల్ల, కోడిపిల్ల, పందిపిల్ల, గాడిదపిల్ల, కోతిపిల్ల, పాముపిల్ల, చేపపిల్ల అంటే ఎవరికీ పేచీ లేదు. "ఆవుపిల్ల", "గేదెపిల్ల" అని మాత్రం తెలుగువాళ్ళు అనరు. పిల్లల పుస్తకాల్లో అలా కనిపిస్తే దిద్దాల్సిందే. ఆవుకైనా గేదెకైనా పుట్టింది దూడ.

ఏ జంతువు మీద బతుకు ఆధారపడి ఉందో దాని పిల్లకి మాటలు ఎక్కువ. గాడిదకి "గాడిదపిల్ల"తో సరి. పాడికీ సేద్యానికీ పనికొచ్చే పశువు దగ్గరికొచ్చేసరికి ఆడా మగా, పాలు తాగుతోందా మాన్పించారా, ఎదకొచ్చిందా, కాడి కట్టారా అన్న ప్రతి తేడాకీ ఓ మాట ఉంది. ఆ తేడాలన్నీ డబ్బుతో ముడిపడినవే. అందుకే అన్నిటికీ "దూడ" అనేసి ఊరుకుంటే అవతలివాడికి సగం సమాచారమే అందుతుంది.

కాకిపిల్ల, పిల్లకాకి: రెండూ ఒకటేనా?

కాదు. "పిల్ల" చివర వస్తే సంతానం. ముందు వస్తే చిన్నది, లేతది, ఇంకా ఎదగనిది. కాకిపిల్ల అంటే కాకికి పుట్టింది: "కాకిపిల్ల కాకికి ముద్దు". పిల్లకాకి అంటే ఎగరడం వచ్చినా లోకం తెలియని కాకి: "పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ". మొదటి సామెతలో ఉన్నది తల్లి ప్రేమ, రెండోదాంట్లో ఉన్నది అనుభవం లేకపోవడం. ఈ రెంటినీ తారుమారు చేస్తే సామెత చచ్చిపోతుంది.

జంతువులు కాని వాటికీ ఇదే సూత్రం. తల్లివేరు నుంచి పక్కలకు పాకేవి పిల్లవేర్లు. ప్రకాశం బ్యారేజి నుంచి పెద్ద కాలువల్లో వచ్చిన నీరు చివరికి చేలోకి చేరేది పిల్లకాలువల మీదుగానే. "కాలువపిల్ల" అని ఎవరైనా అన్నారా? కొత్తగా మాట కట్టేటప్పుడు ముందు ఈ వరుస చూసుకోండి.

లేగదూడ, పెయ్య, పడ్డ, కోడె, గిత్త: వీటి మధ్య తేడా ఏమిటి?

లేగదూడ: పుట్టిన దగ్గర్నుంచి తల్లిపాల మీదే ఉన్న దూడ. ఆడా మగా తేడా లేదు. పాడి ఇళ్ళలో ఈ మాట వినగానే ముందు గుర్తుకు రావలసింది జున్నుపాలు. పుట్టిన గంట, రెండు గంటల్లోపు తొలిపాలు పట్టాలి. మొదటి రోజు మొత్తం మీద దూడ బరువులో పదోవంతు, అంటే 25 కిలోల దూడకి రెండున్నర లీటర్లు, రెండు మూడు విడతలుగా పట్టాలి. ఆ పాలల్లోని రోగనిరోధక శక్తిని దూడ పేగు పీల్చుకునేది మొదటి రోజే. గంటలు గడిచేకొద్దీ ఆ శక్తి తగ్గి, ఒకరోజు దాటాక దాదాపు ఉండదు. జున్ను వండుకోవాలని పొదుగు మొత్తం పిండేస్తే దూడ పారుడు రోగంతో, న్యుమోనియాతో పోయేది అందుకే. దూడ తాగగా మిగిలింది ఇంటికి.

పెయ్య, లేదా పెయ్యదూడ: ఆడదూడ. ఆవుదైనా గేదెదైనా పెయ్యే. పెరిగి పాడి ఇచ్చేది ఇదే కాబట్టి పశువైద్యశాలల్లో ఎక్కువగా వినపడే మాట కూడా ఇదే. పెయ్యదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యం ఇప్పుడు దొరుకుతోంది. దాంతో చూడి కడితే (గర్భం నిలిస్తే) పదింట తొమ్మిది దాకా పెయ్యలు పుడతాయి. నూటికి నూరు అని ఎవరైనా చెబితే నమ్మకండి.

పడ్డ: ఎదిగి, ఎదకొచ్చే వయసుకు చేరి, ఇంకా ఈనని ఆడ పశువు. గేదెల విషయంలో ఈ మాట ఎక్కువ. పడ్డ చూడి కడితే "చూడి పడ్డ", ఈనితే "మొదటి ఈత గేదె". ఒకసారి ఈనాక దాన్ని పడ్డ అనకూడదు, ఎంత చిన్నదిగా కనపడినా.

కోడెదూడ: ఆవుకు పుట్టిన మగదూడ. గేదెకు పుట్టిన మగది దున్నదూడ. రెంటినీ కలిపి కోడె అనేయడం బస్తీ అలవాటు, పల్లెల్లో నవ్వుతారు. కోడె ఎదిగితే గిత్త. ఒంగోలు జాతిలో విత్తుకొట్టని (బీజాలు నలిపేయని) మగ పశువుని గర్వంగా పిలుచుకునే పేరు అది. విత్తుకొట్టి కాడికి కట్టాక ఎద్దు. దేవుడి పేరున వదిలేసింది ఆంబోతు.

పళ్ళు చూసి వయసు ఎలా చెబుతారు? "పాలపళ్ళ విభాగం" అంటే ఏమిటి?

పశువుకు ముందువైపు కోరికే పళ్ళు కింది దవడకే ఉంటాయి, ఎనిమిది. పైన పళ్ళు ఉండవు, గట్టి చిగురే. పుట్టినప్పటి చిన్న తెల్లటి పళ్ళు పాలపళ్ళు. అవి మధ్య నుంచి జంటలు జంటలుగా ఊడి, వాటి చోట వెడల్పాటి శాశ్వత పళ్ళు వస్తాయి. కాబట్టి "రెండు పళ్ళు" అంటే నోట్లో రెండే పళ్ళున్నాయని కాదు, మధ్య జంట మారిందని. ఆవు జాతిలో సుమారు రెండు, రెండున్నర ఏళ్ళకి రెండు పళ్ళు, మూడేళ్ళకి అటూ ఇటూగా నాలుగు, మూడున్నర నుంచి నాలుగేళ్ళకి ఆరు, నాలుగున్నర ఐదేళ్ళకి ఎనిమిదీ. గేదెల్లో ఇంకో ఆరు నెలలు అటుగా జరుగుతుంది.

చూసే పద్ధతి ఇది. పశువుని గట్టి రాటకు పొట్టి పలుపుతో కట్టించండి. ముందు నిలబడకుండా పక్కన నిలబడండి. ఎడమచేత్తో ముక్కు దగ్గర పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో కింది పెదవిని కిందికి లాగండి. నోరు తెరిపించాల్సిన పని లేదు, వేలు లోపల పెట్టాల్సిన పని అంతకన్నా లేదు. వెలుతురు పశువు ముఖం మీద పడాలి. మధ్య రెండు పళ్ళనూ పక్కవాటితో పోల్చండి: కొత్తది వెడల్పుగా, కొద్దిగా పసుపుపచ్చగా, అంచు పదునుగా ఉంటుంది. పాలపన్ను సన్నగా, తెల్లగా, చిగురుకి ఆనుకున్నచోట నొక్కినట్టుగా ఉంటుంది.

తప్పు ఎక్కడ వస్తుందంటే, పాలపన్ను ఊడి కొత్తది సగమే లేచినప్పుడు. అప్పుడు "రెండు పళ్ళు వేస్తోంది" అనాలి గానీ "రెండు పళ్ళు" అనకూడదు. గడ్డిలో రాయి కొరికి విరిగిన పన్నుని ఊడిన పన్ను అనుకోవడం ఇంకో పొరపాటు. విరిగినచోట మొద్దు మిగిలి ఉంటుంది, తడిమితే తెలుస్తుంది. మేత సరిగా లేని పశువుల్లో పళ్ళు ఆలస్యంగా మారతాయి కాబట్టి పళ్ళొక్కటే చూసి నెలలతో సహా వయసు చెప్పేవాళ్ళ మాట పట్టించుకోకండి.

గుంటూరు, పల్నాడు, కృష్ణా పల్లెల్లో సంక్రాంతికీ శివరాత్రికీ జరిగే ఎడ్ల బండలాగుడు పోటీల్లో జతల్ని విడదీసేది ఈ లెక్కతోనే: పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని. ప్రతి విభాగానికీ బండ బరువు వేరు. నిన్నటిదాకా పాలపళ్ళలో లాగిన కోడె పన్ను వేస్తే పైవిభాగానికి వెళ్ళాల్సిందే.

అమ్మకం ప్రకటన ఎలా రాయాలి?

"గేదె దూడ అమ్మబడును" అని రాస్తే వచ్చే ప్రతి ఫోనులో మొదటి ప్రశ్న "పెయ్యా, దున్నా?" అనే. రెండోది పళ్ళు, మూడోది చూడి. అవేవో ముందే రాసేయండి: "గ్రేడెడ్ ముర్రా పడ్డ, రెండు పళ్ళు, ఐదు నెలల చూడి" అంటే చాలు, కొనేవాడికి బొమ్మ కట్టేసింది (గ్రేడెడ్ ముర్రా అంటే ముర్రా జాతితో కలిపి మెరుగుపరిచిన గేదె). గేదె చూడికాలం సుమారు 310 రోజులు, ఆవుది సుమారు 280. ఐదు నెలల చూడి అన్నారంటే ఇంకో ఐదు నెలలకి గానీ పాలు రావని అతను లెక్క వేసుకుంటాడు. చూడి కట్టిన తేదీ రాసిన చీటీ ఉంటే ఆ తేదీయే వేయండి. "నిండు చూడి" లాంటి మాటలు తగాదాలకు మూలం.

మేకలు, గొర్రెలు, కోళ్ళకి కూడా ఇన్ని మాటలున్నాయా?

ఇన్ని లేవు. మేకలో మగది పోతుపిల్ల, ఆడది మరక. గొర్రెలో మగది పొట్టేలుపిల్ల. కోళ్ళలో పెరిగేకొద్దీ పుంజుపిల్ల, పెట్టపిల్ల అని విడదీస్తారు. ఫారాల్లో వాడేవన్నీ వ్యాపారపు మాటలే: ఎనిమిది వారాల దాకా చిక్స్, తర్వాత గ్రోయర్లు, గుడ్డు పెట్టడం మొదలయ్యాక లేయర్లు. "ఒకరోజు పిల్ల" అన్న మాట మాత్రం చక్కటి తెలుగు. పొదిగిన 21వ రోజు బయటికొచ్చిన పిల్ల పొట్టలో పచ్చసొన ఇంకా మిగిలి ఉంటుంది, దాని మీద రెండు రోజుల దాకా మేత లేకుండా నిలుస్తుంది. హేచరీ నుంచి అట్టపెట్టెల్లో దూరాలకు పంపగలిగేది ఆ వ్యవధిలోనే.

చేపపిల్ల, రొయ్యపిల్ల కొనేటప్పుడు ఏ మాట వాడాలి?

"చేపపిల్ల" అంటే చాలదు. మూడు నాలుగు రోజుల వయసుది స్పాన్, రెండు మూడు సెంటీమీటర్లకి వస్తే ఫ్రై, వేలెడంత అయితే ఫింగర్‌లింగ్. ఫింగర్‌లింగ్ అయ్యేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. బొచ్చె, శీలావతి చెరువుల వాళ్ళు ఇంకో మెట్టు ఎక్కి, ఒత్తుగా ఉంచి ఎదుగుదల ఆపిన ఏడాది పిల్లని అడుగుతారు. చోటు, మేత దొరకగానే అది వేగంగా పెరుగుతుంది కాబట్టి. రొయ్యల్లో "సీడు" అనడం మామూలు. "పి.ఎల్. 12" అంటే పోస్ట్‌లార్వా దశకు వచ్చి 12 రోజులైందని, పుట్టి 12 రోజులని కాదు.

మిరప రైతులు అనే "పిల్లపురుగు" ఏమిటి?

గుడ్డు పగిలి అప్పుడే బయటికొచ్చిన లద్దెపురుగు. మిరప, పత్తి వేసే గుంటూరు సీమలో ఈ మాట తెలిసి ఉండటం పంటకే లాభం. లద్దెపురుగు తల్లిరెక్కల పురుగు వందల గుడ్లు ఒకేచోట గుంపుగా పెట్టి మీద గోధుమరంగు నూగు కప్పుతుంది. పిల్లపురుగులు చెదరకుండా అదే ఆకు అడుగున చేరి పచ్చదనాన్ని గోకి తింటాయి. ఈనెలు మాత్రం మిగిలిన ఆ ఆకుని జల్లెడాకు అంటారు. జల్లెడాకు కనపడిందంటే పిల్లపురుగులు ఇంకా అక్కడే ఉన్నాయని అర్థం. ఆ ఒక్క ఆకు తుంచి నలిపేస్తే వందల పురుగులు పోతాయి. గుడ్ల దశలోనూ పిల్లపురుగు దశలోనూ వేపనూనె పనిచేస్తుంది, లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు కలిపి ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. వారం పదిరోజులు ఊరుకున్నారా, అవి ఎదిగిన లద్దెపురుగులై పగలు నేల నెర్రెల్లో దాక్కుని రాత్రి కాయని తొలుస్తాయి. అప్పుడు మందు కొట్టినా తగలదు. తవుడు, బెల్లం కలిపిన విషపు ఎర సాయంత్రం చల్లుకోవాల్సి వస్తుంది. "పురుగు పడింది" అని చెప్పే రైతుకీ "పిల్లపురుగు కనపడింది" అని చెప్పే రైతుకీ సలహా వేరు.

కూన, కొదమ, గున్న, కిశోరం ఎప్పుడు వాడాలి?

కూన: పులికూన, లేడికూన, పిల్లికూన. వాడుకలో బతికున్న మాట, మెత్తని మాట. కొదమ: పద్యానికీ పొగడ్తకీ పరిమితమైంది. కొదమసింహం అంటే యవ్వనంలో ఉన్న సింహం, కళ్ళు తెరవని పిల్ల కాదు. జంతుప్రదర్శనశాలలో సింహానికి పిల్లలు పుట్టిన వార్తకు "కొదమసింహాలు" అని శీర్షిక పెట్టడం తప్పు, "సింహం కూనలు" చాలు. గున్న: ఏనుగుకి. గున్నమామిడి అన్నప్పుడు మాత్రం పొట్టి చెట్టు. కోడె కూడా ఇలాగే దాటిపోయింది: కోడెత్రాచు, కోడెవయసు, కోడెకారు అన్నీ ఉడుకు నెత్తురు ఉన్నవే.

కిశోరం సంస్కృతంలో మొదట గుర్రప్పిల్ల. తర్వాత సింహకిశోరం అయింది, ఇప్పుడు అంగన్‌వాడీ రికార్డుల్లో కిశోర బాలికలయింది. వత్సం అంటే దూడ, వాత్సల్యం అన్న మాట దానిలోంచే పుట్టింది.

ఆవు కంటుందా, ఈనుతుందా? కుక్క సంగతి?

ఆవు, గేదె, మేక, గొర్రె ఈనుతాయి. కుక్క, పిల్లి, పులి పిల్లల్ని పెడతాయి ("కుక్క ఈనింది" కూడా వింటాం, తప్పు కాదు). కోడి గుడ్లు పెట్టి పొదుగుతుంది. కనడం మనిషికి. స్త్రీ గురించి చెప్పేటప్పుడు కాన్పయింది, పురుడొచ్చింది, ప్రసవించింది అనాలి. "ఈనింది" అంటే తిట్టు.

వరి కూడా ఈనుతుంది. డెల్టా రైతు పైరు గురించి మాట్లాడే మాటలన్నీ తల్లీపిల్లల మాటలే: పిలకలు వేసింది, చిరుపొట్ట, పొట్ట, ఈనిక, పాలు పోసుకోవడం. పొట్ట నుంచి ఈనిక దాకా చేలో నీరు తగ్గితే గింజ పాలు పోసుకోక తాలు మిగులుతుంది.

మనుషుల పిల్లల్ని వయసుని బట్టి ఏమనాలి?

అప్పుడే పుడితే పసిగుడ్డు, పసికందు. పాలు తాగే వయసులో చంటిబిడ్డ. నడిచి, మాటలు వచ్చి అల్లరి చేస్తే బుడతడు, బుడ్డోడు. ఆపైన పిల్లోడు, ఆ తర్వాత కుర్రాడు. పత్రికల్లో మూడేళ్ళ పిల్లని "పసికందు" అంటున్నారు, అది సరికాదు. పసికందు అంటే రోజుల బిడ్డ.

ప్రాంతాన్ని బట్టి మర్యాద మారుతుంది, ఇక్కడ జాగ్రత్త. ఉత్తరాంధ్రలో గుంటడు, గుంట అనేవి ఇంటి మాటలు. మన వైపు అంటే చిన్నబుచ్చుకుంటారు. తెలంగాణలో పోరడు, పోరి సహజం, విజయవాడలో ఎగతాళిలా వినపడుతుంది. "కుర్రకుంక" ఎక్కడన్నా తిట్టే.

అనుభవం లేనివాడిని ఏమనాలి? ఏది చనువు, ఏది అవమానం?

చనువుగా: పిల్లకాకి, కుర్రాడు, "ఇంకా లేత". కొంచెం చురక: "ఓనమాలు రావు", "నిన్నగాక మొన్న వచ్చాడు", "వాడింకా ఎల్ బోర్డే". బచ్చాగాడు అంటే చిన్నచూపు. ఇవేవీ మనిషి ఎదుట అనేవి కావు. పనివాడి గురించి యజమానితో చెప్పాల్సి వస్తే "పనికి కొత్త", "ఇంకా చేయి తిరగలేదు" అనండి. చేతకాదని కాకుండా సమయం పడుతుందని అర్థమవుతుంది.

సామెతల్లో తేడాలు చాలా నిశితంగా ఉన్నాయి, కలగాపులగం చేయకూడదు. తెలియక ప్రమాదంలో పడేవాడికి పిల్లకాకి సామెత. అత్యుత్సాహంతో వేళాపాళా చూడనివాడికి "కొత్త బిచ్చగాడు పొద్దెరగడు". తెలిసినవాళ్ళని వెక్కిరించేవాడికి "గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టు". అనుభవజ్ఞుడికి పాఠం చెప్పబోయేవాడికి "తాతకు దగ్గులు నేర్పినట్టు". పెద్దల్ని చూసి అదే దారి పట్టినవాడికి "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా". పుట్టుకతోనే విద్య వచ్చినవాడికి "చేపపిల్లకు ఈత నేర్పాలా".

ఆటల పేజీల్లో చిన్న క్రికెట్ జట్లని "పసికూనలు" అనడం స్థిరపడిపోయింది. గెలిచిన రోజున కూడా "పసికూన సంచలనం" అంటారు. ఏళ్ళ తరబడి ఆడుతున్న జట్టుకి ఆ మాట ఇక మానేయడం న్యాయం.

ఉద్యోగాల్లో, వృత్తుల్లో కొత్తవారికి సరైన పదాలేమిటి?

ఒక్కో చోట ఒక్కో మాట, కొన్నిటికి చట్టం బరువుంది. వైద్యకళాశాల చదువు పూర్తయి ఏడాది ఇంటర్న్‌షిప్ చేసేవారు హౌస్ సర్జన్లు. జూనియర్ డాక్టర్లందరినీ కలిపి పత్రికలు జూడాలు అంటాయి, అందులో పీజీ విద్యార్థులూ ఉంటారు కాబట్టి రెండు మాటలూ ఒకటి కాదు. బడిలో పాఠం చెప్పడం నేర్చుకునేవారు ఛాత్రోపాధ్యాయులు. కోర్టులో జూనియర్. లారీ మీద క్లీనర్.

విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకునే కుర్రాళ్ళందరినీ అప్రెంటిస్ అనేస్తారు గానీ, 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం ఒప్పందం రాసుకుని, నమోదై, స్టైఫండ్ తీసుకునేవాడే అప్రెంటిస్. అవి లేకపోతే హెల్పర్ అని రాయండి. 14 ఏళ్ళ లోపు పిల్లవాడికి ఏ పేరు పెట్టినా అది బాలకార్మికమే, నేరం.

ఔత్సాహిక, వర్ధమాన, శిక్షణార్థి: ఏది ఎవరికి?

ఔత్సాహికుడు ఇష్టం కొద్దీ, జీవనాధారం కాకుండా చేసేవాడు. అరవై ఏళ్ళ ఔత్సాహిక నటుడు ఉండొచ్చు, అతనికి అనుభవం లేదని కాదు. వర్ధమాన అంటే అడుగుపెట్టి పైకొస్తున్నవాడు. మొదటి కథ రాసినవారిని వర్ధమాన రచయిత అనకండి, కొత్త రచయిత అంటే నిండుగా ఉంటుంది. శిక్షణార్థి అంటే శిక్షణలో ఉన్నవాడు, అంతే.

అనుభవం వచ్చాక?

చేతిపనికి "చేయి తిరిగిన". వయసూ వివేకమూ కలిస్తే "తలపండిన". విద్యలో "ఆరితేరిన". దెబ్బలు తిని గట్టిపడితే "రాటుదేలిన". "ముదురు" మాత్రం చూసి వాడాలి: నారు ముదిరిందంటే నాటే అదను దాటిందని, మనిషి ముదురంటే జిత్తులు తెలిసినవాడని. ఉద్యోగ సిఫారసులో "చాలా ముదురు" అని రాస్తే ఉద్యోగం రాదు.